న్యూట్రిషన్ చదువు: సీటు దగ్గర్నుంచి సర్వే లెక్క దాకా ఎలా చేయాలి

ఇంటర్ బైపీసీ అయ్యాక ఎంబీబీఎస్ సీటు రాకపోతే "పోనీలే, న్యూట్రిషన్" అని చేరేవాళ్లు చాలామంది. అలా చేరడం తప్పేం కాదు. ఏం తింటే ఒళ్లు తగ్గుతుందో చెబుతారనుకుని వస్తే మాత్రం మొదటి సెమిస్టర్లోనే కంగుతింటారు. ఇక్కడ చేతికిచ్చేది తక్కెడ, కొలజాడీ, బ్యూరెట్. ఎవరు ఎంత తిన్నారో గ్రాముల్లో తేల్చడమే ఈ చదువుకు పునాది. ఆ అంకె తప్పితే దాని మీద కట్టిన డైట్ ప్లాన్, థీసిస్ రెండూ తప్పే. అందుకే ఇందులో సీటు సంగతి క్లుప్తంగా, కొలత సంగతి వివరంగా చెబుతున్నాం.

చేరేముందు

ప్రభుత్వ వర్సిటీల్లో ఈ చదువుకు రెండు దారులున్నాయి. ఒకటి వ్యవసాయ వర్సిటీల దారి. హైదరాబాద్ సైఫాబాద్‌లో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి, గుంటూరులో ఆచార్య ఎన్జీ రంగా వర్సిటీకి కమ్యూనిటీ సైన్స్ కాలేజీలున్నాయి. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్. పాతరోజుల్లో దీన్నే హోమ్ సైన్స్ అనేవాళ్లు. పోషకాహారంతో పాటు వస్త్రాలు, శిశు వికాసం, విస్తరణ విద్య కూడా చదవాలి. వీటి ప్రవేశాలకు వర్సిటీలే విడిగా నోటిఫికేషన్ వేసి కౌన్సెలింగ్ జరుపుతాయి. తెలంగాణ డిగ్రీ ప్రవేశాల దోస్త్ వెబ్‌సైట్ ఒక్కదాన్నే చూస్తూ కూర్చున్నవాళ్లకు ఈ సీట్ల సంగతి గడువు దాటాకే తెలుస్తుంది.

రెండోది మామూలు డిగ్రీ కాలేజీల దారి. తెలంగాణలో దోస్త్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల ద్వారా చేరతారు. తర్వాత పీజీకి తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రలో ఏపీ పీజీసెట్ రాయాలి. తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ హోమ్ సైన్స్ విభాగాలున్నాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్, సొంత ప్రవేశ పరీక్షతో ఎంఎస్సీ అప్లైడ్ న్యూట్రిషన్‌లో చేర్చుకుంటుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనం, హాస్టల్ తర్వాత చూడొచ్చు. ల్యాబ్‌లో జెల్డాల్ యూనిట్ (ఆహారంలో ప్రొటీన్ కొలిచే సాధనం) పనిచేస్తోందా, ఫుడ్ ల్యాబ్‌లో స్టవ్‌లు ఎన్ని, ఒక్కో స్టవ్ దగ్గర ఎంతమంది నిలబడుతున్నారు అని సీనియర్లను అడగండి. ఒక స్టవ్‌కు నలుగురు దాటితే ఇద్దరు వండుతారు, మిగతావాళ్లు రికార్డు కాపీ కొడతారు. బోధన బాగున్నా చేతికి పని రాదు.

బైపీసీలో కెమిస్ట్రీని గట్టెక్కిస్తే చాలనుకున్నవాళ్లు ఆ వేసవిలోనే మోల్, నార్మాలిటీ, టైట్రేషన్ లెక్కలు మళ్లీ చూసుకోవాలి. రెండో ఏడాది న్యూట్రిషనల్ బయోకెమిస్ట్రీలో తప్పేవాళ్లలో ఎక్కువమందికి అడ్డుపడేది అదే.

కొనాల్సినవి, దగ్గరుంచుకోవాల్సినవి

ఒక గ్రాము తేడా చూపించే డిజిటల్ కిచెన్ తక్కెడ, 250 మిల్లీలీటర్ల కొలజాడీ, టైలర్ టేపు, గళ్ల నోట్‌బుక్. ఇంతే. తక్కెడను వారానికోసారి సరిచూడండి. కొలజాడీతో సరిగ్గా 200 మి.లీ. మంచినీళ్లు పోస్తే 200 గ్రాములు చూపించాలి. రెండు మూడు గ్రాములకు మించి తేడా వస్తే బ్యాటరీ మార్చి, చదునైన బండ మీద పెట్టి మళ్లీ చూడండి.

పట్టికలు రెండు. మొదటిది ఎన్ఐఎన్ 2017లో వెలువరించిన భారతీయ ఆహార సంఘటన పట్టికలు. అందరూ ఐఎఫ్‌సీటీ అంటారు. 528 ఆహారాల పోషక విలువలు ఇందులో ఉన్నాయి. రెండోది ఐసీఎంఆర్-ఎన్ఐఎన్ 2020లో ఇచ్చిన పోషక అవసరాల నివేదిక. బజారు గైడ్లలో, సీనియర్ల నోట్సుల్లో ఇంకా 2010 అంకెలే తిరుగుతున్నాయి. వాటిలో పెద్దవాళ్లకు కాల్షియం 600 మి.గ్రా. అని ఉంటుంది. 2020 నివేదికలో అది 1000. పాత, కొత్త అంకెలు ఒకే రికార్డులో కలిస్తే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

ఐఎఫ్‌సీటీలో ఒక తిరకాసు ఉంది. శక్తి విలువలు కిలోజౌళ్లలో ఇచ్చారు, కిలో కేలరీల్లో కాదు. పాలిష్ పట్టిన పచ్చి బియ్యం 100 గ్రాములకు 1491 అని కనిపిస్తుంది. దాన్ని 4.184తో భాగిస్తే 356 కిలో కేలరీలు. భాగించడం మర్చిపోతే మీరు సర్వే చేసిన ఇల్లాలు రోజుకు ఏడెనిమిది వేల కేలరీలు తిన్నట్టు తేలుతుంది. పట్టిక ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడే కేలరీల నిలువు వరుస ఒకటి చేర్చి, అంతా ఒకేసారి భాగించి పెట్టుకోండి.

పచ్చి బరువు, వండిన బరువు

పట్టికలో మనం ఎక్కువగా వాడే అంకెలు పచ్చి సరుకువి, అందులోనూ తినే భాగానివి. జనం తినేది వండినది. తప్పులన్నీ ఈ రెంటి మధ్యే పుడతాయి.

ఒకామె కంచంలో అన్నం 330 గ్రాములుందనుకోండి. దాన్ని అలాగే బియ్యం వరుసలో వేసి గుణిస్తే 1175 కిలో కేలరీలు వస్తుంది. నిజానికి ఆ అన్నం 120 గ్రాముల బియ్యంతో వండింది. అసలు లెక్క 427. ఒక్క పూటకే దాదాపు మూడు రెట్ల తేడా.

దీనికి మందు మీ సొంత మార్పిడి పట్టిక. మొదటి సెమిస్టర్లోనే తయారుచేసుకోండి. చేసే పద్ధతి ఇది: ఖాళీ గిన్నె తూచి రాసుకోండి. సరుకు తూచండి, నీళ్లు కొలవండి, వండండి, దించాక పది నిమిషాలాగి గిన్నెతో సహా తూచి గిన్నె బరువు తీసేయండి. తర్వాత వండినదాన్ని కొలజాడీతోనో గుర్తులున్న మగ్గుతోనో కొలిచి మి.లీ.లలో ఎంతుందో కూడా రాయండి. అన్నం, ముద్దపప్పు, సాంబారు, రాగి సంగటి, జొన్నరొట్టె, ఉప్మా, ఇడ్లీ, పులుసుకూర, వేపుడు, పెరుగన్నం ఉంటే మన ఊళ్లలో చాలావరకు సరిపోతుంది. ఒక్కోటి మూడుసార్లు వండి సగటు తీయండి.

100 గ్రాముల బియ్యానికి 250 నుంచి 300 గ్రాముల అన్నం వస్తుంది. ఎసరు ఎక్కువ పోసి వండే ఇళ్లలో, మెత్తగా వండే ఇళ్లలో ఇంకా ఎక్కువ. అందుకే పుస్తకంలోని మార్పిడి అంకెను గుడ్డిగా ఎత్తి రాయొద్దు. గంజి వారుస్తారా, అత్తెసరు వేస్తారా అని కూడా అడిగి రాయండి. వార్చిన గంజితో పాటు థయమిన్, మిగతా నీటిలో కరిగే విటమిన్లు పోతాయి. ఇదేం చిన్న విషయం కాదు. ఎన్ఐఎన్ పుట్టిందే 1918లో కూనూరులో, థయమిన్ లోపంతో వచ్చే బెరిబెరి మీద విచారణగా. పాలిష్ బియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో ఆ జబ్బు అప్పట్లో ఎక్కువగా ఉండేది. ఉప్పుడు బియ్యం తినేచోట అంతగా ఉండేది కాదు. ఆ సంస్థ హైదరాబాద్‌కు వచ్చింది 1958లో.

ఇరవై నాలుగు గంటల డైట్ రీకాల్ (నిన్నంతా ఏం తిన్నారో అడిగి రాయడం): ఇంటికెళ్లి చేసే పద్ధతి

1. వెళ్లే వేళ చూసుకోండి. వంటవేళ, పొలం పనివేళ, నల్లా నీళ్లొచ్చే వేళ వద్దు. పదకొండు దాటాకో, సాయంత్రం నాలుగింటికో వెళ్లండి. ఎందుకొచ్చారో, పేరు బయటపెట్టరని, ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదని ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. వండిన మనిషితోనే మాట్లాడాలి. ఇంటాయన ముందుకొచ్చి చెబుతుంటే వినండి, కానీ రాసేది ఆమె చెప్పిందే.

2. మొదట ఆపకుండా చెప్పనివ్వండి. "టిఫిన్ ఏం చేశారు?" అని మొదలెట్టకూడదు. చాలా ఇళ్లలో టిఫినే ఉండదు, రాత్రి మిగిలిన చద్దన్నమే. అలా అడిగితే చెప్పడానికి మొహమాటపడి "ఇడ్లీ" అనేస్తారు. "నిన్న పొద్దున లేచాక మొదట నోట్లో వేసుకున్నదేంటమ్మా?" అని అడగండి. అక్కడ్నుంచి "ఆ తర్వాత?" అంటూ పడుకునేదాకా రండి. "పప్పు తిన్నారా? ఆకుకూర వండలేదా?" లాంటి ప్రశ్నలు పనికిరావు. ఎదుటివాళ్లు మీ ముఖం చూసి జవాబిస్తారు.

3. రెండో చుట్టులో మరిచినవి పట్టుకోండి. టీలు ఎన్ని, ఒక్కో టీలో చక్కెర ఎన్ని చెంచాలు, పచ్చడి మీద వేసుకున్న నూనె, నెయ్యి, మజ్జిగ, పిల్లాడు కొనుక్కున్న చిప్స్ ప్యాకెట్, కూలికెళ్లినచోట పెట్టిన భోజనం, ఇంట్లో కల్లు సంగతి. అంగన్‌వాడీలో గుడ్డు, భోజనం తిన్నదీ అడగండి. తెలంగాణలో బాలామృతం (పసిపిల్లల పోషకాహార పొడి) ప్యాకెట్ ఇంటికొస్తే అది ఎవరెవరు తిన్నారో తేల్చుకోండి. పేరు చిన్నదానిది, తినేది ముగ్గురు పిల్లలు అని తేలడం కొత్తేం కాదు.

4. ఇప్పుడు కొలతలు. వాళ్ల గిన్నెలే తెప్పించండి. నిన్న పప్పు ఎంతవరకు ఉందో గిన్నెలో వేలితో చూపించమని, అంతవరకు నీళ్లు పోసి కొలవండి. ఆమె వేసుకున్నది ఎన్ని గరిటెలో అడిగి, ఆ గరిటెతోనే నీళ్లు కొలవండి. "ఒక గ్లాసు బియ్యం" అంటే ఆ గ్లాసు తెప్పించి తలకొట్టి పోశారా, గోపురంగా పోశారా అడిగి, బియ్యం పోసి తూచండి. సోల, తవ్వ, గిద్ద వాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఒక ఊరి సోలకూ ఇంకో ఊరి సోలకూ పోలిక కుదరదు కాబట్టి పేరు రాసి ఊరుకోకుండా ప్రతిదీ తూచాల్సిందే. వర్సిటీ విభాగంలో నిర్ణీత కొలతల గిన్నెల సెట్ ఉంటే అడిగి తీసుకెళ్లండి, పని సులువవుతుంది.

5. నూనె గరిటెల్లో అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు. నెలకెన్ని ప్యాకెట్లు తెస్తారో అడగండి. నలుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్లనుకుంటే, లీటరు నూనె సుమారు 910 గ్రాములు కాబట్టి తలకు రోజుకు 23 గ్రాముల దాకా వస్తుంది. గరిటెల లెక్కలో వచ్చినదానికీ దీనికీ పొంతన లేకపోతే గరిటెల లెక్కనే అనుమానించండి. ప్యాకెట్ మీద లీటరా, 850 గ్రాములా అని కూడా చూడండి.

6. ఎవరెవరు ఎంత తిన్నారో విడివిడిగా రాయండి. ఇంటికి వండింది తలల లెక్కన సమానంగా పంచేస్తే సర్వే చేసిందే వృథా. చాలా ఇళ్లలో ఆడవాళ్లు చివర తింటారు. కూర అయిపోతే పచ్చడితో సరిపెట్టుకుంటారు. మీరు కనిపెట్టాల్సింది సరిగ్గా ఆ తేడానే. తల్లి కంచంలోంచి తినే పసివాడి ముద్దలు కూడా విడిగా అడగాలి.

ఒక్క రోజు రీకాల్‌తో ఒక మనిషి తిండి గురించి తీర్పు చెప్పలేం. శనివారం ఒక్కపొద్దు ఉండే మనిషిని ఆదివారం అడిగితే ఏం తేలుతుంది? సోమవారం అడిగితే నిన్నటి కోడికూరే కనిపిస్తుంది. వెంటవెంటనే కాని రెండు మూడు రోజులు, అందులో ఒకటి సెలవురోజు ఉండేలా చూసుకోండి. కార్తీక మాసం, రంజాన్, పెళ్లిళ్ల రోజులైతే ఆ సంగతి ఫారం పైనే రాయండి.

లెక్క కట్టడం

సూత్రం ఒక్కటే: ఇంటికంతా వాడిన పచ్చి సరుకును వండిన మొత్తం పరిమాణంతో భాగించి, ఆ మనిషి తిన్న పరిమాణంతో గుణించాలి.

టమాటా పప్పు చూద్దాం. ఇంటికి 120 గ్రాముల కందిపప్పు వేశారు. ఉడికాక 900 మి.లీ. అయింది. ఇల్లాలు వేసుకున్నది 150 మి.లీ. అంటే ఆమె వాటాకు వచ్చిన కందిపప్పు 20 గ్రాములు. ఐఎఫ్‌సీటీ ప్రకారం 100 గ్రాముల కందిపప్పులో ప్రొటీన్ 21.7 గ్రాములు కాబట్టి ఆమెకు అందింది 4.3 గ్రాములు. అదే పూట అన్నానికి 600 గ్రాముల బియ్యం పోస్తే 2400 మి.లీ. అన్నమైంది, ఆమె తిన్నది 480 మి.లీ. అంటే 120 గ్రాముల బియ్యం. బియ్యంలో ప్రొటీన్ 7.94 శాతం లెక్కన 9.5 గ్రాములు.

పప్పన్నం తిన్న మనిషికి పప్పు కన్నా అన్నం నుంచే రెట్టింపుకు మించి ప్రొటీన్ వచ్చింది! "మేం రోజూ పప్పు తింటాం, ప్రొటీన్‌కేం లోటు" అనే మాటకు జవాబు ఈ లెక్కలోనే ఉంది. పప్పు పలచబడేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. సాంబారుకు కూడా ఇలాగే కట్టి చూడండి.

రోజంతా కూడాక ఒకసారి సరిచూసుకోండి. పెద్దవాళ్లకు 800 కన్నా తక్కువో, 4000 కన్నా ఎక్కువో కేలరీలు వస్తే మనిషిని కాదు, ముందు మీ ఫారాన్ని అనుమానించండి. పచ్చి-వండిన తికమకో, కిలోజౌళ్లో, లేదా ఒక సున్నా ఎక్కువ పడిందో అయి ఉంటుంది. కేలరీలను ప్రొటీన్ 4, పిండిపదార్థం 4, కొవ్వు 9 చొప్పున గుణించి కూడా పోల్చుకోవచ్చు. పీచు లెక్కవల్ల కొద్దిగా తేడా వస్తుంది, ఫర్వాలేదు.

ఇక దేనితో పోల్చాలి? 2020 నివేదికలో 55 కిలోల స్త్రీకి, తేలికపాటి పని చేస్తే రోజుకు 1660 కిలో కేలరీలు. మధ్యస్థంగా శ్రమిస్తే 2130. పొలంలో కలుపు తీసే మనిషిని మొదటి అంకెతో పోల్చి "సరిపోతోంది" అని రాయడం తరచూ కనబడే తప్పు.

ప్రొటీన్, ఇనుము వంటివాటికి రెండేసి అంకెలుంటాయి, ఈఏఆర్, ఆర్‌డీఏ అని. ఈఏఆర్ అంటే ఆ వర్గంలో సగంమందికి సరిపడే మొత్తం. ఆర్‌డీఏ దాదాపు అందరికీ సరిపడేలా పైకి జరిపి పెట్టినది. స్త్రీకి ఇనుము ఈఏఆర్ 15 మి.గ్రా., ఆర్‌డీఏ 29 మి.గ్రా. ఊళ్లో ఎంతమందికి చాలడం లేదో చెప్పాలంటే ఈఏఆర్‌తో పోల్చాలి. ఒక మనిషికి డైట్ ప్లాన్ రాసేటప్పుడు ఆర్‌డీఏను లక్ష్యంగా పెట్టుకోవాలి. 22 మి.గ్రా. తింటున్న స్త్రీలందరినీ ఆర్‌డీఏతో పోల్చి "లోపం" కింద రాసిన థీసిస్‌లు లైబ్రరీల్లో బోలెడు. తక్కువ తినడం ఒకటి, రక్తహీనత ఉండటం ఇంకొకటి. రెండోది రక్తపరీక్షతోనే తేలుతుంది.

అంగన్‌వాడీలో పిల్లల కొలతలు

రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి పొడవు కొలవాలి, రెండేళ్లు నిండితే నిలబెట్టి ఎత్తు. పడుకోబెడితే సుమారు 0.7 సెం.మీ. ఎక్కువ వస్తుంది. రెండేళ్లు దాటినవాణ్ణి పడుకోబెట్టి కొలిస్తే 0.7 తీసేయాలి, లోపువాణ్ణి నిలబెడితే కలపాలి. పుట్టిన తేదీ నోటిమాటగా కాకుండా టీకా కార్డులో చూసి రాయండి. నెల అటూఇటైతే గ్రేడే మారిపోతుంది.

బరువు తూచేటప్పుడు మొలతాడు, కాలిపట్టీలు తీయడానికి ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే బలవంతపెట్టొద్దు. ఉన్నట్టు రాసుకుంటే చాలు. స్వెట్టర్, చెప్పులు మాత్రం తీయాల్సిందే.

జబ్బ చుట్టుకొలత ఎడమచేతికి తీస్తారు. భుజం ఎముక కొసకూ మోచేతి కొసకూ మధ్యబిందువు గుర్తుపెట్టడానికి చెయ్యి మడిచి ఉంచాలి, టేపు చుట్టేటప్పుడు చెయ్యి వదులుగా వేలాడాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 11.5 సెం.మీ. కన్నా తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపం, 11.5 నుంచి 12.5 లోపు ఉంటే మధ్యస్థం. టేపు బిగిస్తే బాగున్న పిల్ల కూడా లోపం కిందికి వస్తుంది. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. ఇద్దరు విడివిడిగా కొలిచి 0.5 సెం.మీ. కన్నా తేడా వస్తే మళ్లీ కొలవండి. పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడుతుంటే టేపు అంకెతో నిమిత్తం లేకుండా ఏఎన్ఎంకు చెప్పి ఆస్పత్రికి పంపించాలి.

ల్యాబ్‌లో జెల్డాల్

తేమ, బూడిద తేలిక. తేమకు 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారడం ఆగేదాకా ఆరబెట్టాలి. బూడిదకు 550 డిగ్రీల మఫిల్ ఫర్నేస్. వేడి గిన్నెను తేమ సోకని డెసికేటర్‌లో చల్లార్చకుండా తూచడమే ఇక్కడ జరిగే తప్పు.

ప్రొటీన్ దగ్గరే చేయి తిరగాలి. 0.5 గ్రాముల పొడిని గొట్టం మెడకు అంటకుండా అడుగుకు చేర్చండి. కాగితపు గరాటు వాడితే అంటదు. పొటాషియం సల్ఫేట్, కాపర్ సల్ఫేట్ మిశ్రమం, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి ఫ్యూమ్ హుడ్ కింద 420 డిగ్రీల దాకా నెమ్మదిగా తీసుకెళ్లండి. మొదట్లోనే వేడి పెంచితే నురగ పైకి పొంగి పొడి మెడకు అంటుకుంటుంది. ఆ నల్ల మచ్చలు ఉడకవు, ప్రొటీన్ తక్కువొస్తుంది. ద్రవం తేటగా ఆకుపచ్చ-నీలం రంగుకు తిరిగాక ఆపి, పూర్తిగా చల్లారాకే నీళ్లు కలపాలి. వేడి ఆమ్లంలో నీళ్లు పోస్తే ముఖం మీదికే చిమ్ముతుంది.

స్వేదనంలో 40 శాతం సోడియం హైడ్రాక్సైడ్ పోసినప్పుడు ద్రవం ముదురు నీలంగానో, నల్లగానో మారాలి. మారలేదంటే క్షారం చాలలేదు, అమోనియా బయటికి రాదు. వచ్చే అమోనియాను పట్టే గొట్టం కొస 4 శాతం బోరిక్ ఆమ్లంలో మునిగే ఉండాలి. తర్వాత 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేషన్.

నైట్రోజన్ శాతానికి, నమూనా రీడింగ్‌లోంచి బ్లాంక్ (నమూనా వేయకుండా చేసిన రీడింగ్) తీసేసి, నార్మాలిటీతో, 1.401తో గుణించి, నమూనా గ్రాములతో భాగించండి. కందిపప్పు 0.5 గ్రాములకు బ్లాంక్ పోను 12.4 మి.లీ. వస్తే నైట్రోజన్ 3.47 శాతం, నైట్రోజన్‌ను ప్రొటీన్‌గా మార్చే 6.25తో గుణిస్తే ప్రొటీన్ 21.7. బియ్యానికి 5.95, పాలకు 6.38 వాడాలి. అన్నిటికీ 6.25 వేసేస్తే పాలకు తక్కువ, బియ్యానికి ఎక్కువ వస్తుంది. ఈ పద్ధతి కొలిచేది నైట్రోజన్నే, ప్రొటీన్‌ను కాదు. 2008లో చైనాలో పాలల్లో మెలమైన్ కలిపి ప్రొటీన్ ఎక్కువ చూపించగలిగింది అందుకే.

ఉద్యోగం దృష్టిలో పెట్టుకుని

ఆస్పత్రిలో డైటీషియన్ కావాలనుకుంటే పీజీ ఎంచుకునేటప్పుడే ఇంటర్న్‌షిప్ కోర్సులో ఉందా, ఏ ఆస్పత్రిలో, ఎన్ని నెలలు అని అడగండి. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకు అది కావాలి. రోజువారీ లాగ్‌బుక్ మీద సంతకాలు ఆ రోజే పెట్టించుకోండి. మీకు నేర్పిన డైటీషియన్ మధ్యలో ఉద్యోగం మారితే తర్వాత పెట్టించుకోవడం కష్టం. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం డైటీషియన్, న్యూట్రిషనిస్ట్ వృత్తులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. కాబట్టి నెల రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్ల మీద డబ్బు పోసేముందు ఆలోచించండి. అధ్యాపక ఉద్యోగానికి యూజీసీ నెట్‌లో హోమ్ సైన్స్ సబ్జెక్టు రాయాలి.

మహిళా శిశు సంక్షేమ శాఖ పోస్టుల నోటిఫికేషన్లలో డిగ్రీ పేరు అక్షరం అక్షరం చూస్తారు. "హోమ్ సైన్స్" అని అడిగినచోట మీ సర్టిఫికెట్ మీద "కమ్యూనిటీ సైన్స్" అని ఉంటే సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోవచ్చు. రెండూ సమానమని వర్సిటీ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. దరఖాస్తుకు మార్కుల మెమోలు, సిలబస్ నకలు జతచేయాలి. నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తితే గడువులోగా చేతికి రాదు కాబట్టి ప్రొవిజనల్ తీసుకునే రోజే ఈ దరఖాస్తు కూడా ఇచ్చేయండి.